ఎమ్మెల్యే అబ్రహాం లింకన్

(ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు గోల చేస్తే చెప్పండి, పక్కన పెట్టేస్తాను. డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి అరిచిన గొంతు నాది, ఈ హాలుకి అది చాలు.

కార్యదర్శి గారు నన్ను "యువ శాసనసభ్యులు" మీద మాట్లాడమన్నారు. రెండు రోజులు ఆలోచించాను. ఎవరి పేరెత్తినా సగం హాలుకి సంతోషం, సగం హాలుకి కోపం. అందుకని ఇక్కడెవరికీ బంధువు కాని, ఎవరి పార్టీకీ చెందని ఒక ఎమ్మెల్యేని వెతికి పట్టుకున్నాను. ఆయన పేరు అబ్రహాం లింకన్.

నవ్వకండి. 1861లో అమెరికా అధ్యక్షుడైన లింకనే. ఆయన బానిసత్వం రద్దు చేశాడనీ, తుపాకీ గుండుకి బలయ్యాడనీ మన స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. 1834 నుంచి వరసగా నాలుగుసార్లు ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యాడన్న సంగతి మాత్రం ఉండదు. మన భాషలో అది ఎమ్మెల్యే పదవే. అక్కడ ఒక్కో దఫా రెండేళ్ళు. మొదటిసారి గెలిచేనాటికి ఆయనకి 25 ఏళ్ళు. మన రాజ్యాంగం 173వ అధికరణం ప్రకారం అసెంబ్లీకి నిలబడాలంటే నిండాల్సినవీ సరిగ్గా 25 ఏళ్ళే.

ముందు చదువు సంగతి చూద్దాం. 1858లో అమెరికా కాంగ్రెసు సభ్యుల వివరాల పుస్తకం కోసం ఆయన్ని చదువెంత అని అడిగితే రెండే మాటలు రాసి పంపాడు. ఆ రెండు మాటలకీ అర్థం, చదువు లోపభూయిష్టం అని. ఇంకోచోట కొంచెం వివరంగా చెప్పుకున్నాడు. చదవడం, రాయడం, త్రైరాశికం దాకా లెక్కలు, అంతే వచ్చునన్నాడు. మూడు సంఖ్యలిస్తే నాలుగోది కట్టే త్రైరాశికం మన పాత వీధిబడుల్లోనూ పెద్ద చదువు కిందే లెక్క. అన్ని బడులూ కలిపినా తాను వెళ్ళింది ఏడాది కూడా కాదని ఆయనే రాశాడు.

ఆ బడులు ఎలా ఉండేవంటే, పిల్లలందరూ ఒకేసారి ఎవరి పాఠం వాళ్ళు పైకి చదువుతుంటారు. గోల వినిపించినంతసేపూ పంతులు గారికి నిశ్చింత. మా తాతగారి వీధిబడి కబుర్లు గుర్తొస్తాయి నాకు. లింకన్ పెద్దయ్యాక కూడా దినపత్రికని పైకే చదివేవాడట, ఆఫీసులో పక్కవాళ్ళకి ప్రాణం విసిగేది. బడి అలవాటు ఊరికే పోదు కదా.

1809లో కెంటకీలో పుట్టాడు. ఏడేళ్ళప్పుడు కుటుంబం ఇండియానా అడవుల్లోకి వెళ్ళింది. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఏడాది తర్వాత వచ్చిన సవతి తల్లి సారా, కథల్లో సవతి తల్లిలాంటిది కాదు. పిల్లవాడు పుస్తకం పట్టుకుంటే పనికి పిలవకుండా కాపాడిన మనిషి. తెచ్చుకున్న పుస్తకం వానలో తడిస్తే, దాని ఖరీదుకి బదులు ఆ ఆసామి చేలో జొన్న చొప్ప కోసిన కథ మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళది మొక్కజొన్న, అంతే తేడా. ఆ కథ ఇక వదిలేస్తాను, చాలామంది చెప్పారు.

నేను చెప్పదలచుకున్నది న్యూ సేలం అనే పల్లెలో మొదలవుతుంది. సంగమన్ నది ఒడ్డున గట్టిగా పాతిక కుటుంబాల ఊరు. 1831లో 22 ఏళ్ళ లింకన్ ఒక కొట్లో గుమాస్తాగా చేరడానికి వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, చీలమండలు దాటని పాంటు. వ్యాకరణం రాకపోతే సభలో మాట్లాడలేవని ఊరి పంతులు మెంటర్ గ్రాహం అన్నాడట. పుస్తకం ఆరు మైళ్ళ అవతల ఒక రైతింట్లో ఉందని తెలిసి నడిచి వెళ్ళి తెచ్చుకున్నాడు.

ఊరికి వచ్చి ఏడాది కూడా తిరగలేదు, 1832 మార్చిలో శాసనసభకి పోటీ చేస్తున్నానని ప్రకటించేశాడు! వయసు 23. పత్రికలో వేసిన ఆ ప్రకటన ఇప్పటికీ ఉంది. నాకు చాలా ఇష్టమైన కాగితం అది. నది బాగుచేస్తే పడవలు వస్తాయన్నాడు. చదువు గురించి, ఏ పద్ధతి మంచిదో చెప్పేంతవాణ్ణి కాను గాని, ప్రజలుగా మనం చేపట్టగలిగిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే అనుకుంటున్నానన్నాడు. వడ్డీకి హద్దు పెట్టే చట్టం కావాలన్నాడు. అక్కడితో ఊరుకోకుండా, మరీ అవసరమైనవాడు ఆ చట్టాన్ని తప్పించుకునే దారి ఎలాగూ వెతుక్కుంటాడులే అని కూడా రాశాడు. మేనిఫెస్టోలో ఇలాంటి మాట రాసిన అభ్యర్థిని మీరెక్కడైనా చూశారా? చివర్లో, నన్ను వెనకే ఉంచాలని ప్రజలనుకుంటే మరీ బాధపడను, ఆశాభంగాలు నాకు బాగా అలవాటే అన్నాడు.

ప్రచారానికి టైము దొరకలేదు. అక్కడి ఆదివాసీ తెగలతో బ్లాక్ హాక్ యుద్ధం వచ్చి, దళంలో చేరాడు. తోటివాళ్ళు ఆయన్నే కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. యుద్ధంలో శత్రువు ఎదురుపడలేదు గాని, దోమలతో నెత్తుటి పోరాటాలు చాలానే చేశానని తర్వాత అమెరికా కాంగ్రెసులో నవ్వించాడు. ఇంటికొచ్చేసరికి ఎన్నికకి రెండు వారాలుంది. ఓడిపోయాడు. 13 మంది పోటీ చేస్తే ఎనిమిదో స్థానం. కానీ న్యూ సేలం పోలింగ్ కేంద్రంలో పడ్డ 300 ఓట్లలో 277 ఆయనవే. ఓడినవాడికి ఆ సంఖ్య చాలు, మళ్ళీ నిలబడటానికి.

ఇక్కడొక సంగతి గమనించాలి. అప్పుడక్కడ రహస్య బ్యాలెట్ లేదు. ఓటరు వచ్చి అందరి ముందూ నోటితో పేరు చెప్పాలి, గుమాస్తా రాసుకుంటాడు. మూజువాణి ఓటు అంటామే, అచ్చంగా అదే. ఆ 277 మందీ వాళ్ళ అప్పులవాళ్ళు వింటుండగా, పార్టీ పెద్దలు వింటుండగా ఈ కుర్రాడి పేరు చెప్పారన్నమాట.

ఓడాక ఏం చెయ్యాలి? కమ్మరి పని నేర్చుకుందామా అనుకున్నాడు. చివరికి బెర్రీ అనే అతనితో కలిసి కొట్టు పెట్టాడు. పెట్టుబడి మొత్తం ప్రోనోట్లే. ఒక భాగస్వామి తాగుతూ కూర్చుంటే ఇంకో భాగస్వామి చదువుతూ కూర్చున్నాడు. కొట్టు ఏమవుతుందో వేరే చెప్పాలా! బెర్రీ 1835లో చనిపోయాక అప్పు మొత్తం, 1100 డాలర్ల దాకా, లింకన్ నెత్తిన పడింది. ఆ రోజుల్లో అలాంటి అప్పున్నవాడు రాత్రికి రాత్రి ఊరు వదిలి పోవడం మామూలే. ఈయన పోలేదు. దానికి "జాతీయ రుణం" అని పేరు పెట్టుకుని ఏళ్ళ తరబడి తీర్చాడు.

1833 మేలో పోస్టుమాస్టరయ్యాడు. జీతం స్వల్పం. అయితే ఊరికి వచ్చే పత్రికలన్నీ ముందు ఆయనే చదవొచ్చు. ఉత్తరాలు టోపీలో పెట్టుకుని తిరుగుతూ, దారిలో కనిపించినవాళ్ళవి వాళ్ళకిచ్చేవాడు. ఆ తర్వాత జిల్లా సర్వేయరు దగ్గర డిప్యూటీ పని దొరికింది. ఆ సర్వేయరు ఎదుటి పార్టీ మనిషి, అయినా ఇచ్చాడు. భూమి కొలత ఓనమాలు కూడా రావు. పుస్తకాలు ముందేసుకుని కొన్ని వారాలు రాత్రింబవళ్ళు కూర్చుని నేర్చుకున్నాడు. దిక్సూచి, గొలుసు అప్పు చేసి కొన్నాడు. మన సర్వేయర్లు పొలం గట్టు మీద పరిచే గొలుసులాంటిదే.

నా ఉద్దేశంలో ఆయనకి అసలైన ప్రచారం ఈ రెండు ఉద్యోగాలే. గట్టు తగాదా ఉన్న ఇద్దరి మధ్య గొలుసు పరిచి, ఇద్దరూ ఒప్పుకునేలా రాయి పాతించిన మనిషికి ఆ రెండు ఇళ్ళలోనూ పరపతి ఉంటుంది. ఉత్తరం తెచ్చిచ్చి, చదవడం రానివాళ్ళకి చదివిపెట్టే మనిషికి చెప్పనే అక్కర్లేదు. మన ఊళ్ళలో పాతకాలం కరణానికీ పోస్టుమాస్టరుకీ ఎంత పలుకుబడి ఉండేదో పెద్దవాళ్ళకి తెలుసు. ఇక్కడ రెండూ ఒక్కడే.

1834 ఆగస్టులో మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి ఎదుటి పార్టీవాళ్ళే వచ్చి మా ఓట్లూ నీకు వేస్తామన్నారు. ప్రేమతో కాదు. లింకన్ పార్టీలోనే ఉన్న స్టూవర్ట్ అనే లాయర్ని ఓడించాలని. లింకన్ నేరుగా స్టూవర్ట్ దగ్గరికెళ్ళి, ఇలా అంటున్నారు, ఏం చెయ్యమంటారని అడిగాడు. తీసుకో అన్నాడు స్టూవర్ట్. నాలుగు సీట్లకి 13 మంది పోటీ. లింకన్ 1376 ఓట్లతో రెండో స్థానం. స్టూవర్ట్ నాలుగో స్థానంలో గట్టెక్కాడు. ఆ రోజు కడుపులో దాచుకోకుండా చెప్పినందుకు లింకన్‌కి దక్కిన ఫలం ఏమిటో కాస్సేపట్లో చెబుతాను.

గెలిచాడు సరే, సభకి వేసుకెళ్ళడానికి బట్టలేవీ? కోల్‌మన్ స్మూట్ అని ఒక ఉన్న రైతు ఉండేవాడు. ఆయన తర్వాత రోజుల్లో చెప్పిన కథ ఇది. లింకన్ వచ్చి అడిగాడట:

"స్మూట్ గారూ, మీరు నాకే ఓటేశారా?"

"వేశానయ్యా."

"అయితే అప్పు కూడా మీరే ఇవ్వాలి. సభలో కాస్త మర్యాదగా కనబడొద్దూ!"

మూజువాణి ఓటు కదా, ఎవరికి వేశాడో తెలియక అడిగిన ప్రశ్న కాదది. 200 డాలర్లు ఇచ్చాడు. 60 డాలర్లు పెట్టి జీవితంలో మొదటిసారి సూటు కుట్టించుకున్నాడు లింకన్. ఇప్పుడు అభ్యర్థి ఓటరుకి డబ్బిచ్చే రోజులు. అప్పట్లో ఓటరే... సరే, వద్దులెండి.

మరి కొట్టు అప్పులవాళ్ళు ఊరుకున్నారా? ఎన్నికై ఏడాది తిరక్కముందే కోర్టు తీర్పు తెచ్చి గుర్రం, జీను, దిక్సూచి, గొలుసు అన్నీ జప్తు చేసి వేలం వేయించారు. ఎమ్మెల్యే గారి పనిముట్లు వేలంలో పోతున్నాయి. జేమ్స్ షార్ట్ అనే రైతు పాట పాడి 120 డాలర్లకి అన్నీ కొని, ఆయన చేతిలోనే పెట్టి, తీసుకెళ్ళు అన్నాడు. లింకన్ స్వయంకృషితో ఎదిగాడని రాస్తాం. నేనూ క్లాసులో అలాగే చెప్పాను ఎన్నో ఏళ్ళు. ఇప్పుడు చూస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తోంది. ఆ ఊరు ఆయన్ని చేతుల మీద మోసింది.

1834 డిసెంబరు 1న సభ మొదలైంది. రాజధాని అప్పుడు వండేలియా. చిన్న ఊరు. పేరుకి శాసనసభా భవనం గాని, పైనుంచి పెచ్చులూడి సభ్యుల నెత్తిన పడేవి. దిగువ సభలో 55 మంది. మన కుర్రాడు మొదటి దఫా పెద్దగా నోరు విప్పలేదు. ఏం చేశాడు? బిల్లులు రాశాడు. దస్తూరీ బాగుంటుంది, వాక్యం తికమక ఉండదు. తోటి సభ్యులు మాకో బిల్లు రాసిపెట్టవా అని వచ్చేవారు. తన పేరు మీద పాసు చేయించుకున్నవాటిలో ఒకటి, సాల్ట్ క్రీక్ అనే వాగు మీద ఒకాయన వంతెన కట్టి సుంకం వసూలు చేసుకోవడానికి అనుమతి. అంతే. ఏ విప్లవమూ లేదు. వాగు మీద ఒక వంతెన.

ఒక్కసారి మాత్రం నోరు విప్పి సభనంతా నవ్వించాడు. ఒక జిల్లాకి సర్వేయరు పోస్టు ఖాళీ అనుకుని సభ కొత్తవాణ్ణి నియమించింది. తీరా చూస్తే పాత సర్వేయరు బతికే ఉన్నాడు, దిగనంటున్నాడు. నియామకం రద్దు చెయ్యాలా వద్దా అని చర్చ. లింకన్ లేచి, ఎందుకండీ, అలాగే ఉండనివ్వండి, పాతాయన ఎప్పుడైనా చనిపోవాలని నిర్ణయించుకుంటే సభని మళ్ళీ ఇబ్బంది పెట్టకుండా కొత్తాయన సిద్ధంగా ఉంటాడు కదా అన్నాడు. తానూ సర్వేయరే మరి.

రోజుకి 3 డాలర్ల భత్యం, దారిఖర్చులు. ఆ సమావేశాలకి మొత్తం చేతికొచ్చింది 258 డాలర్లు.

ఇప్పుడు స్టూవర్ట్ దగ్గరికి వద్దాం. వండేలియాలో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. నువ్వు లా చదవాలి, పుస్తకాలు నేనిస్తాను అన్నాడు స్టూవర్ట్. సమావేశాలు అయ్యాక లింకన్ న్యూ సేలం నుంచి ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కి వెళ్ళి పుస్తకాలు తెచ్చుకునేవాడు. ఒకరోజు ఒక రైతు చూస్తే, తాను పనికి పెట్టుకున్న లింకన్ కట్టెల మోపు మీద కాళ్ళకి చెప్పుల్లేకుండా కూర్చుని పుస్తకం పట్టుకున్నాడు. "ఏంటయ్యా చదువుతున్నావు?" "చదవడం కాదండీ, నేర్చుకుంటున్నా." "ఏం నేర్చుకుంటున్నావు?" "లా అండీ." ఓరి దేవుడా అనుకుంటూ వెళ్ళిపోయాడట ఆ రైతు.

1836 సెప్టెంబరులో లాయరుగా లైసెన్సు వచ్చింది. గమనించారా, మనవాళ్ళు చదువు పూర్తిచేసి, ప్రాక్టీసు పెట్టి, పేరొచ్చాక రాజకీయాల్లోకి వస్తారు. ఈయనకి సీటు ముందు, పట్టా తర్వాత. చట్టం ఎలా తయారవుతుందో కళ్ళారా చూసి, చేత్తో రాసి, ఆ తర్వాత చట్టం చదివాడు. అందుకే ఆయన కాలేజీ పేరు అడిగితే వండేలియా శాసనసభ అనే చెబుతాను నేను.

అదే ఏడాది మళ్ళీ ఎన్నిక. ఈసారి 17 మందిలో ప్రథమ స్థానం. ప్రచారంలో ఫార్కర్ అనే పెద్దమనిషి ఎదురయ్యాడు. పార్టీ మారి, ఏడాదికి 3000 డాలర్ల పదవి సంపాదించి, కొత్త ఇంటిమీద పిడుగు పడకుండా ఇనుపకడ్డీ పెట్టించుకున్నాడు. ఆ ఊళ్ళో అలాంటి కడ్డీ జనం అదే మొదటిసారి చూడటం. ఈ కుర్రాడికి బుద్ధి చెప్పాలి అని సభలో వెటకారమాడాడు. లింకన్ జవాబు అక్కడున్న స్నేహితుడు గుర్తుపెట్టుకుని చెప్పాడు. 3000 డాలర్ల కోసం పార్టీ మార్చి, ఆ తప్పుకి దేవుడెక్కడ పిడుగు వేస్తాడోనని ఇంటిమీద కడ్డీ పెట్టుకునే బతుకు కన్నా నేను ఇప్పుడే చచ్చిపోవడం మేలు, అన్నాడట. మన దగ్గర ఎన్ని ఇళ్ళకి కడ్డీలు కావాలో మీరే లెక్క వేసుకోండి.

రెండో దఫాలో అసలు రాజకీయం మొదలైంది. సంగమన్ జిల్లా నుంచి ఇద్దరు సెనేటర్లు, ఏడుగురు ప్రతినిధులు, తొమ్మిది మందీ బాగా పొడుగు. "పొడుగు తొమ్మండుగురు" అని పేరు పడింది. వాళ్ళ పని ఒక్కటే, రాజధానిని వండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్చడం. రాజధాని తరలింపు అంటే ఏమిటో మనకి చెప్పాలా? కర్నూలు గుడారాల నుంచి హైదరాబాదు, అక్కడినుంచి అమరావతి దాకా మనం చూడనిది లేదు. వండేలియా వాళ్ళు పాపం హడావిడిగా కొత్త భవనం కట్టేశారు, సభ్యులు వచ్చేసరికి గోడలకి తడి ఆరలేదు. అయినా లాభం లేకపోయింది. 1837 ఫిబ్రవరి 28న నాలుగో విడత ఓటింగులో 73 ఓట్లతో స్ప్రింగ్‌ఫీల్డ్ గెలిచింది.

ఎలా గెలిచింది? మీ జిల్లాకి రైలు, మీ జిల్లాకి కాలువ, మా ఊరికి రాజధాని అని బేరాలు నడిచాయని ఎదుటివాళ్ళు అప్పుడే అన్నారు. కొంతమంది చరిత్రకారులు అంత సూటి బేరమేమీ జరగలేదంటారు. జరిగినా జరగకపోయినా, అదే సమావేశంలో సుమారు కోటి డాలర్ల అప్పుతో రైలు మార్గాలు, కాలువలు కట్టే చట్టం పాసయింది. రైలు రాని జిల్లాలకి సర్దుబాటుగా 2 లక్షల డాలర్లు. లింకన్ చేతులెత్తి మద్దతిచ్చాడు. అదే ఏడాది దేశంలో బ్యాంకులు కుప్పకూలాయి. చివరికి ఒక చిన్న రైలు మార్గం మిగిలింది. దాన్నీ తర్వాత అయినకాడికి అమ్మేశారు. రాష్ట్రం వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. జనం ఆ అప్పుని దశాబ్దాల పాటు మోశారు. సొంత అప్పు పైసాతో సహా తీర్చిన మనిషి, రాష్ట్రం అప్పు దగ్గర మాత్రం చివరిదాకా మొండిగానే ఉన్నాడు. మొదలుపెట్టింది ఆపకూడదన్నాడు. దీన్ని ఆయన భక్తులు ఒక్క వాక్యంతో దాటేస్తారు. నేను దాటలేను, లెక్క మరీ పెద్దది.

ఆ సమావేశంలోదే ఇంకో కాగితం. బానిసత్వాన్ని సమర్థిస్తూ, దాని రద్దు కోరే సంఘాలని తిడుతూ జనవరిలో ఒక తీర్మానం వచ్చింది. దిగువ సభలో అప్పటికి సభ్యుల సంఖ్య పెరిగింది. అనుకూలం 77, వ్యతిరేకం 6. ఆరుగురిలో లింకన్ ఒకడు. మార్చి 3న డాన్ స్టోన్ అనే సభ్యుడితో కలిసి నిరసన పత్రం దాఖలు చేశాడు. బానిసత్వానికి పునాది అన్యాయమూ, చెడ్డ విధానమూ అని రాశారు. దాంతోపాటే, రద్దు ప్రచారం దాని చెడుని తగ్గించకపోగా పెంచుతుందనీ రాశారు. సంతకాలు రెండే. తేదీ చూడండి, మార్చి 3. రాజధాని ఓటింగు ముగిసింది ఫిబ్రవరి 28న. ఆరు వారాలు కాగితం జేబులో పెట్టుకుని, రాజధాని ఓట్లు చేతికొచ్చాక బయటికి తీశాడు. దీన్ని పిరికితనం అంటారా, లౌక్యం అంటారా? నేను చాలాసార్లు అటూ ఇటూ మారాను. 28 ఏళ్ళవాడు, ఆ రాష్ట్రంలో, ఆ రోజుల్లో, సంతకం పెట్టాడు కదా అనిపిస్తుంది ఒక్కోసారి.

ఆ ఏప్రిల్లో అరువు గుర్రం మీద, రెండు సంచుల్లో సామానుతో కొత్త రాజధానికి మకాం మార్చాడు. మంచానికి, పరుపుకి 17 డాలర్లని కొట్టతను చెబితే అంత లేదన్నాడు. ఆ కొట్టతను స్పీడ్, మేడమీద నా మంచం పెద్దది, పంచుకుందాం రా అన్నాడు. సంచులు పైన పడేసి దిగొచ్చి, "స్పీడ్, మకాం మార్చేశాను" అన్నాడు. స్టూవర్ట్ దగ్గరే జూనియర్‌గా చేరాడు.

మూడో దఫా, నాలుగో దఫా పెద్దగా చెప్పుకోదగ్గవి కావు, ఒక్క కిటికీ తప్ప. 1840 డిసెంబరులో కోరం లేకుండా చేసి సభ వాయిదా పడకుండా ఆపాలని ఆయన పార్టీ పథకం. ఒక బ్యాంకుని కాపాడటానికి. లెక్క చూడటానికి లింకన్, ఇంకా ఇద్దరు లోపలే ఉండిపోయారు. తీరా చూస్తే వాళ్ళతో కలిపే కోరం సరిపోతోంది! తలుపులు మూసేశారు. ముగ్గురూ కిటికీలోంచి దూకారు. అప్పటికే హాజరు పడిపోయింది, దూకినా ఉపయోగం లేదు. ఆయన కాళ్ళు కిటికీ నుంచి నేలదాకా అందుతాయి కాబట్టి దెబ్బ తగల్లేదనీ, ఇకమీదట భవనం మీద ఇంకో అంతస్తు వెయ్యాలనీ ఎదుటి పార్టీ పత్రిక రాసింది. ఆ కిటికీ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయనకి నచ్చేది కాదట.

ఆ నెల తర్వాత పెళ్ళి నిశ్చయం చెడి, మనసు చెదిరి, సమావేశాలకి సరిగ్గా వెళ్ళలేదు. బతికున్నవాళ్ళలో నాకంటే దౌర్భాగ్యుడు లేడని స్టూవర్ట్‌కి రాశాడు. 1842లో మళ్ళీ పోటీ చెయ్యలేదు.

అక్కడితో ఎమ్మెల్యే కథ అయిపోయిందనుకుంటాం గాని, ఒక తోక ఉంది. 1854లో మళ్ళీ అదే శాసనసభకి గెలిచాడు. వెంటనే రాజీనామా చేశాడు. ఎందుకంటే జాతీయ సెనేటుకి వెళ్ళాలని. అప్పట్లో సెనేటర్లని రాష్ట్ర సభలే ఎన్నుకునేవి, సభలో ఉన్నవాడు పోటీ చెయ్యకూడదు. ఆయన ఖాళీ చేసిన సీటుకి ఉపఎన్నిక వస్తే ఎదుటి పార్టీ గెలుచుకుపోయింది. సెనేటు ఎన్నికలో మొదటి విడత అందరికన్నా ముందున్నాడు. చివర్లో తన ఓట్లు ట్రంబుల్ అనే ఆయనకి మళ్ళించి గెలిపించాల్సి వచ్చింది. చేతిలో సీటు పోయింది, పైసీటూ రాలేదు. అప్పటికి వయసు 45.

టీ వచ్చినట్టుంది. తాగుతూ ప్రశ్నలు అడగండి. ఆ నీలం చొక్కా బాబు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నాడు, ముందు అతన్ని అడగనివ్వండి.